వినువాడు కావలెను

శ్రీకాకుళము జిల్లా తీరమందలి పల్లెలనుండి మత్స్యకారులనేకులు ఏటేట గుజరాతులోని వేరావలు రేవునకు పోయి, అచ్చటి మరపడవలపై ఖలాసీలుగా కుదిరి, నెలల తరబడి కడలిమీదనే కాలము గడిపి, ఇంటికి తిరిగివచ్చుచుందురు. వారిలో బడిమెట్టు ఎక్కనివారును, నాలుగైదు తరగతులతో చదువు చాలించినవారును పెక్కురు. అయినను రెండు మూడు వేటకాలములు గడచునప్పటికి పడవ నడపు టండేలుతోను, రేవులోని వ్యాపారితోను, మంచు అమ్మువానితోను హిందీలోనో, గుజరాతీ కలిసిన హిందీలోనో, జంకు లేకుండ మాటలాడుదురు. వ్యాకరణము తెలియదు, లింగభేదము తప్పును, క్రియ ఉండవలసిన రూపమున ఉండదు, కాని చెప్పవలసినది చెప్పి, వినవలసినది విని, మాటకు మాట అప్పగించి పని నెరవేర్చుకొని వత్తురు. అదే పల్లెలో, అదే వీథిలో, చిన్నతనమునుండి పట్టభద్రుడగువరకు పది పన్నెండేండ్లు ఇంగ్లీషు చదివి, పరీక్షలలో మంచి మార్కులే తెచ్చుకొని, ఉద్యోగపు ఇంటర్వ్యూకు విశాఖపట్టణమునకో హైదరాబాదునకో పోయిన యువకుడు కూడ కనబడును. తన్ను గూర్చి చెప్పుమని అడిగినంతనే అతడు కంఠస్థము చేసికొనిన పది వాక్యములను ఊపిరి సలుపకుండ అప్పగించును; ‘ఉదయము ఏ బండిలో వచ్చితివి? దారిలో వాన కురిసెనా?’ అను మరుప్రశ్న వచ్చునప్పటికి మూగవోవును. వాన కురిసినమాట అతనికి తెలియును, ఆ మాటకు ఇంగ్లీషు కూడ తెలియును. అయినను నోరు పెగలదు.

ఈ భేదమునకు కారణము అవసరమేనని చాలమంది చెప్పుదురు. అవసరము వచ్చినప్పుడు నోరు దానంతట అదే తెరచుకొనునని పెద్దలు కూడ అందురు. ఇది సగము సత్యము మాత్రమే. పట్టభద్రునకు అవసరము లేకపోయినదా? చదువునకై తెచ్చిన అప్పు, తల్లిదండ్రుల నిరీక్షణ, తోడి విద్యార్థులు ఒక్కొక్కరుగా ఉద్యోగములలో చేరుచుండగా తాను మిగిలిపోవుచున్నానను బెంగ, ఇన్నియు కలిసి అతని అవసరమును ఖలాసీ అవసరముకంటె తీక్ష్ణముగానే చేసినవి. అంతటి అవసరము అతని నాలుకను కదల్చుటకు మారుగా కట్టివేసినది. అందుచేత ప్రేరణ ఎంత గలదని అడుగుటకు ముందు, ఆ ప్రేరణ ఎవరివైపు తిరిగియున్నదని అడుగుట మేలు. ఖలాసీ దృష్టి ఎదుటనున్న టండేలుమీద నుండును: ఇతనికి నా మాట అందినదా లేదా, వల ఎత్తవలసిన వేళ అయినదా లేదా. ఇంటర్వ్యూకు పోయినవాని దృష్టి తనమీదనే ఉండును: నేను తప్పు పలికితినా, నన్ను గూర్చి వీరేమనుకొనుచున్నారు. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఒక్కటే. రెండవ భాషలో నోరు తిరుగుటకు వలయు ప్రేరణ, ఆ భాషలో మన మాట వినవలసిన మనిషి మనకొకడు ఉన్నప్పుడు నిలుచును. అట్టివాడు లేనప్పుడు ఎంత ఉద్ధృతముగ పుట్టినను కొలది వారములలోనే అణగిపోవును. ‘ముప్పది దినములలో ఇంగ్లీషు’ అను పుస్తకములలో చాలభాగము మొదటి పుటలు నలిగి, చివరి పుటలు కొత్తవిగానే మిగిలియుండుట మన ఇండ్లలో ఎవరైనను చూడవచ్చును.

ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో కెనడా దేశపు పండితులు ముందు నిలిచిరి. మాంట్రియలు నగరమున ఫ్రెంచి నేర్చుచున్న ఇంగ్లీషు విద్యార్థులను పరిశీలించి రాబర్టు గార్డనరు, వాలెసు లాంబర్టు అనువారు 1959లో ప్రకటించిన వ్యాసమున, భాష నేర్చుకొనవలెనను కోరికను రెండు విధములుగా విభజించిరి: ఆ భాష మాటలాడు జనులతో కలిసిమెలిసి యుండవలెనను కోరిక మొదటిది, ఉద్యోగము మొదలగు ప్రయోజనములకై కలుగు కోరిక రెండవది. మాంట్రియలులో మొదటిదియే బలవత్తరముగా కనబడినది. కాని 1972లో యాస్మీన్ లుక్మానీ అను విదుషి బొంబాయిలో మరాఠీ మాతృభాషగా గల బాలికలను పరిశీలించినప్పుడు, వారి ఇంగ్లీషు సామర్థ్యమునకు ప్రయోజనాపేక్షయే ఎక్కువ తోడ్పడినట్లు తేలినది. కావున ఉద్యోగముకొరకు భాష నేర్చుట తక్కువపని యని ఎవరును చిన్నబుచ్చుకొనవలదు; మనవంటి దేశమున అది సహజము, గౌరవప్రదము. అయితే ఈ పరిశీలనలు ఎక్కువగా భాషాసామర్థ్యమును మొత్తముగా కొలిచినవి. నోరు తెరచి మాటలాడు క్షణమును ప్రత్యేకించి చూచినవారు పీటరు మకింటైరు, అతని సహచరులు. 1998లో వారు ప్రకటించిన సిద్ధాంతమున, మాటలాడుటకు సంసిద్ధత అనునది పెక్కు అంతస్తుల నిర్మాణముగా చిత్రింపబడినది. ఆ నిర్మాణమున అడుగున వ్యక్తిస్వభావము, సమాజస్థితి వంటివి ఉండగా, మాటకు మిక్కిలి చేరువలో రెండు కలవు: ఆ క్షణమున కలుగు ఆత్మవిశ్వాసము ఒకటి, ఒకానొక నిర్దిష్టవ్యక్తితో మాటలాడవలెనను కోరిక రెండవది. జనసామాన్యముతో కాదు, ప్రపంచముతో కాదు, ఒక్క వ్యక్తితో. నేను పైన చెప్పిన మాటకు ఇంతకంటె బలమైన ఆధారము నాకు అక్కరలేదు.

అయినను దీనిని అర్థము చేసికొనుటకు కెనడావరకు పోవలసిన పనిలేదు. శ్రీముఖలింగక్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29వ తేదీన జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారి జీవితము ఈ విషయమునకు మన ప్రాంతము ప్రసాదించిన భాష్యము. వ్యావహారికభాషోద్యమ నాయకునిగా ఆయనను తెలుగువారందరును ఎరుగుదురు. ఒక పరాయిభాషను పెద్దవయస్సులో నేర్చిన విద్యార్థిగా ఆయనను తలచువారు తక్కువ. విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, అచ్చట పనిచేయుచున్న కాలమున, చుట్టుపట్ల కొండలలో నివసించు సవరలు ఆయన కంటబడిరి. ఆ జనులకు చదువు చెప్పవలెనని ఆయనకు కోరిక కలిగినది. వారి భాష రాక చదువు చెప్పుట ఎట్లు? కావున భాష నేర్వబూనిరి. ఈ క్రమమును పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. ముందు భాషమీద మోజు కలిగి, పిదప మాటలాడుటకు మనుష్యులను వెదకుకొనుట కాదు. ముందు మనుష్యులు, వారితో చెప్పవలసిన విషయము. ఆ తరువాత భాష.

సాధనములేమి? అప్పటికి సవరభాషకు లిపి లేదు, పాఠ్యపుస్తకము లేదు, బోధించు పండితుడు లేడు. తెలుగు, సవర రెండును తెలిసిన వ్యక్తినొకనిని తన యింటనే ఉంచుకొని, ఆతనితో సంభాషించుచు రామమూర్తిగారు భాష నేర్చుకొనిరి. ఇది చూచుటకు చిన్న ఏర్పాటు, ఫలమున పెద్దది. ఇంటిలో మనిషియున్నచో ఉదయము నీరు కావలెనన్నను, మధ్యాహ్నము అన్నమునకు పిలిచినను, సాయంకాలము వాన వచ్చునేమోయని ఆకాశము చూచినను ఆ భాషలో ఒక మాట అనుటకు అవకాశము కలుగును. తరగతిలో వారమునకు రెండుమూడు గంటలు మాత్రమే దొరకు సంభాషణ, ఇంటిలో దినమంతయు దొరకును. పైగా వినువాడు పరీక్షకుడు కాడు, తోడుగా నున్న మనిషి.

ఆ భాష సులభమైనదనుకొనవలదు. తెలుగు ద్రావిడకుటుంబమునకు చెందినది. సవర ముండాభాషలలోనిది, ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబమునకు చెందినది. ఈ రెంటికిని వంశమున ఏ చుట్టరికమును లేదు. మాట నడుమ కంఠమున ఊపిరిని ఒక్కక్షణము బిగబట్టి విడుచుటచే కలుగు ధ్వని సవరలో కలదు. దానిని తెలుపుటకు మన వర్ణమాలలో అక్షరము లేదు. ఇక లెక్క చూడుడు. సవరలు పండ్రెండువరకు లెక్కించి, పదమూడును ‘పండ్రెండు, ఒకటి’ అని చెప్పుదురు. ఇరువది రాగానే అది మరొక మెట్టుగా మారును. ముప్పదిమూడు కావలెనన్న ఇరువది, పండ్రెండు, ఒకటి కలుపవలెను. చిన్ననాటినుండి పదులలో లెక్కించిన తెలుగువాని మనస్సు ఇచ్చట ప్రతిమారును తడబడును. క్రియలలో మరియొక విశేషము: కర్మపదము తన రూపమును కుదించుకొని క్రియలోనే ఇమిడిపోవుట కలదు. ఇన్నింటిని చెవితో పట్టి, నోటితో పలికి, తప్పినప్పుడు ఎదుటివాని ముఖకవళికనుబట్టి దిద్దుకొని నేర్చుకొనవలెనన్న సంవత్సరములు పట్టును. ప్రేరణ మనకు చేయు ఉపకారము ఇట్టిచోటనే తెలియును. ప్రేరణ నాలుకకు శబ్దములను నేర్పదు. ఏ శబ్దమైనను నోటికి అలవడువరకు అనేకసారులు తప్పుగా పలుకవలసినదే. ఆ తప్పుల కాలమును ఓర్చుకొనుటకు మాత్రము మనిషిని నిలబెట్టును.

రామమూర్తిగారు నిలిచిరి. సవరభాషలో పుస్తకములు వ్రాసిరి. సొంతద్రవ్యముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవరబాలురకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. కొండలలో తిరుగుటచే మలేరియా సోకినది. దానికి సేవించిన క్వినైను వలన వినికిడి క్షీణించినది. పరభాషను చెవితో పట్టి నేర్చినవానికి ఇంతకంటె కఠినమైన నష్టము ఏముండును? అయినను కృషి ఆగలేదు. ఇంగ్లీషులో ఆయన రచించిన సవరభాషా వ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వముచే ముద్రితమైనది; సవర-ఇంగ్లీషు కోశము 1938లో వెలువడినది. పర్లాకిమిడి 1936లో ఒరిస్సా రాష్ట్రమున చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. అయినను 1940లో కన్నుమూయునప్పటికి సవరభాషకు ఆయన చేసిన సేవ ఆ కొండలలోనే నిలిచిపోయినది.

ఇదే భాషను నేర్చిన మరియొక వర్గమువారు కలరు. వారిని కూడ చూచుట అవసరము. సీతంపేట మొదలగు ఏజెన్సీ గ్రామముల వారపు సంతలలో, కొండనుండి దిగివచ్చు చింతపండు, పసుపు, అనాస, కొండచీపుళ్ళు కొను వ్యాపారులు సవరలో బేరమాడగలరు. ధర, తూకము, ‘ఎక్కువ’, ‘తక్కువ’, ‘రేపు రమ్ము’ అను మాటలు వారికి చక్కగా వచ్చును. ఎంతకాలము వ్యాపారము సాగినను చాలమందికి భాష ఆ గీటుదాటి పోదు. అమ్మవచ్చిన ఆమె బిడ్డకు జ్వరమని చెప్పుకొనినచో, వినుటకును ఓదార్చుటకును మాటలుండవు. వారిని నిందింపవలసిన పనిలేదు. వారికి వలసినంత వారు నేర్చిరి. ప్రయోజనాపేక్ష చేయగలిగినది ఎంతవరకో ఈ సంత మనకు కొలిచి చూపుచున్నది. కావలసినదేదో దొరకగానే అట్టి ప్రేరణ ఆగిపోవును. ఇంటర్వ్యూ గట్టెక్కుటకు నేర్చిన ఇంగ్లీషు, ఉద్యోగము వచ్చిన మరునాటినుండి పెరుగక నిలిచిపోవుట కూడ ఇట్టిదే. మనిషిమీద ఆసక్తితో నేర్చినవానికి అట్టి గట్టు లేదు, ఏలయన మనిషి చెప్పుమాటలకు అంతము లేదు.

మూడవ విధమైన ప్రేరణ యొకటి కలదు. అది మనలో మిక్కిలి వ్యాపించియున్నది. విజయనగరవాసి గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము, 1897లో తొలిసారి అచ్చై 1909లో పెరిగి మరల వెలువడిన నాటకము, దానిని ఒక్క ఘట్టములో పట్టి చూపినది. కుమారుడు వెంకటేశము చదువు ఎంతవరకు వచ్చినదో చెవులార వినవలెనని తల్లి వెంకమ్మకు ముచ్చట. గురువైన గిరీశముతో ఒక్కమారు ఇంగ్లీషులో మాటలాడి వినిపింపుమని కోరును. గురుశిష్యులు బడిలో వల్లించిన పద్యపు తునకలను, పాఠములోని వాక్యములను ఒకదానితో ఒకటి పొంతన లేకుండ ఒకరిపై ఒకరు విసరుకొందురు. ఒకరు చెప్పినది మరియొకరు వినవలసిన పనియే లేదు. తల్లి ముచ్చటను ఎవరు తప్పుపట్టగలరు? కాని ఆ ముచ్చటను తీర్చుటకై మాటలాడు బిడ్డకు ఎదుట మనిషి లేడు, ప్రేక్షకులున్నారు. నేటికిని మన ఇండ్లలో చుట్టములు వచ్చినప్పుడు ‘ఏదీ, ఇంగ్లీషులో రెండు ముక్కలు మాటలాడు బాబూ’ అని బిడ్డను నడియింట నిలబెట్టుదుము. ఆ బిడ్డ నేర్చునది, ఇంగ్లీషు అనగా పరులు చూడగా ప్రదర్శింపవలసిన విద్య యని. పెరిగి పెద్దవాడై ఇంటర్వ్యూగదిలో అడుగుపెట్టినప్పుడు కూడ అతనికి ఎదుట మనుష్యులు కనబడరు, చుట్టములే కనబడుదురు. ఈ అలవాటును మనము మానవలెనని నేను తల్లిదండ్రులను చేతులు జోడించి వేడుకొనుచున్నాను.

ఇక మన ఉత్తరాంధ్రమునకు ప్రత్యేకమైన బాధ యొకటి కలదు. మన బిడ్డ ఇంగ్లీషులో నోరు మూసికొనుటకు ముందే తెలుగులో నోరు మూసికొనుట నేర్చుచున్నాడు. ‘ఏటి సేస్తన్నావు’ అని పలుకు పిల్ల, పెద్దనగరపు కళాశాల వసతిగృహమున చేరిన మొదటివారమునందే, తన పలుకును తోడివిద్యార్థినులు అనుకరించి నవ్వుట వినును. మన యాసను సినిమాలలో హాస్యగాని నోటనో పనివాని నోటనో పెట్టుట చిరకాలముగా జరుగుచున్నది. ఆ పిల్ల క్రమముగా తక్కువ మాటలాడును. మాటలాడునప్పుడు ప్రతిమాటను ముందు తనలో దిద్దుకొని పలుకును. మాతృభాషలోనే ఇట్టి కాపలా ఏర్పడినవారికి రెండవభాషలో చొరవ ఎచ్చటనుండి వచ్చును? ఇంగ్లీషు రాకపోవుటకు కారణము ఉత్సాహలోపమని ఆ పిల్లతో చెప్పువారు, ఆ ఉత్సాహమును ఎవరు త్రుంచిరో కూడ విచారింపవలెను. నా యెరుకలో ఈ గాయమునకు ఉపాయము ఒక్కటే: మన యాసను ఇంట, వీథిలో, స్నేహితులమధ్య నిస్సంకోచముగ మాటలాడుట. జనులు వాడుకలో పలుకు భాషకు గౌరవము కావలెనని పోరాడిన రామమూర్తిగారు మన గడ్డవారే. 1907లో ఉత్తరకోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు అను ఆంగ్లేయుడు, పుస్తకములలోని తెలుగునకును జనుల నోటి తెలుగునకును ఇంత అంతరమేలయని అడిగిన ప్రశ్నయే ఆ ఉద్యమమునకు ఊతమైనదని చెప్పుదురు. జనులతో మాటలాడవలెనని కోరినవానికే అట్టి సందేహము పుట్టును.

ఇప్పుడు ఆచరణ. మొదట ఒక కాగితముమీద, మీరు నేర్చు భాషలో మీ మాట వినదగిన ఒక మనిషి పేరు వ్రాసికొనుడు. ఉద్యోగము పేరు కాదు, దేశము పేరు కాదు, మనిషి పేరు. హిందీయైనచో సెలవుపై ఇంటికివచ్చిన పొరుగింటి సైనికుడు కావచ్చును. ఒడియాయైనచో ఇచ్ఛాపురము అంగడిలోని వర్తకుడు కావచ్చును. ఇంగ్లీషునకు మన పల్లెలలో ఇట్టి మనిషి దొరకుట కష్టమని మీరందురు, నిజమే. అట్లయినచో మీవలెనే నేర్చువానిని ఒకనిని చూచుకొని, దినమునకు అరగంట ఇద్దరును తెలుగు మాటలాడకుండుటకు ఒప్పందము చేసికొనుడు. అతనికి మీకంటె ఎక్కువ రానక్కరలేదు. మీరు చెప్పినది అతనికి అర్థము కాకపోయినచో అడుగువాడైన చాలును.

తరువాత విషయము. చాలమంది ఇచ్చట పొరపడి, కాలుష్యము, స్త్రీవిద్య, విజ్ఞానశాస్త్రమువలని లాభములు మొదలైన పరీక్షవ్యాసములను మాటలాడుటకు ఎన్నుకొందురు. వినువానికి అవి అన్నియు తెలిసినవే. చెప్పువానికి వానిలో తనదియనునది ఏమియు లేదు. మీకు తెలిసి, వినువానికి తెలియని విషయమును ఎన్నుకొనుడు. పొందూరు పిల్ల యనుకొనుడు. ఆ ఊరి ఖద్దరునకు ప్రత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుదురు. ఆ దవడకున్న సన్నని పండ్లవరుస గింజచుట్టునున్న ప్రత్తిపోగులను చిక్కుతీసి, పొట్టును రాల్చి, మెత్తగా సాపుచేయును. పిమ్మట గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నముపై వడుకుదురు. చేప దవడతో ప్రత్తి దువ్వుదురని చెప్పగానే వినువాడు ‘ఏ చేప? ఎందుకు దవడయే?’ అని అడుగక మానడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న తహతహలో ‘దవడ’కు, ‘పొట్టు’కు ఇంగ్లీషు మాటలను పిల్ల తానే వెదకుకొనును, అట్లు వెదకి తెచ్చుకొనిన మాట పట్టికలో చూచి వల్లించిన మాటవలె జారిపోదు. పలాసవాడు జీడిపప్పును గూర్చి చెప్పవచ్చును: డబ్ల్యూ 240 అనగా ఒక పౌనునకు 220 మొదలు 240 వరకు తూగు గుండుపప్పనియు, సంఖ్య పెరిగినకొలది పప్పు చిన్నదగుననియు, జీడిపెంకులోని నూనె చేతులను కాల్చుననియు. బొబ్బిలివాడు పనసచెట్టు వీణగా మారు క్రమమును చెప్పవచ్చును. మీ ఊరు మీకు ఇచ్చిన విషయము ఇంగ్లీషులో చెప్పుటకు తగనిదని ఒక్కక్షణమైనను తలంపవలదు.

ఒకే విషయమును మూడు మారులు, ముగ్గురికి చెప్పుడు: మొదటివానికి నాలుగు నిమిషములలో, రెండవవానికి మూడింట, మూడవవానికి రెంట. న్యూజీలాండు పండితుడు పాల్ నేషన్ ప్రచారములోనికి తెచ్చిన అభ్యాసమిది. మొదటిసారి మాటలకొరకు తడుముకొందురు. మూడవసారికి మాటలు సిద్ధముగా నుండును గనుక వేగము కుదురును. ముగ్గురు వేరువేరు శ్రోతలు కావలెనన్న నియమమును సడలింపవలదు. విన్నవానికే మరల చెప్పినచో అది పాఠము అప్పగించుట యగును. ముగ్గురు దొరకనిచో, చివరిదానిని చరవాణిలో ధ్వనిముద్రణ చేసి దూరముననున్న బంధువునకు పంపుడు. మీ మాటను మీరే విని తప్పులు లెక్కించుకొను పని మొదటి నెలలలో పెట్టుకొనవలదు. అది మరల దృష్టిని మీవైపునకు త్రిప్పును. మెరిల్ స్వెయిన్ అను కెనడా విదుషి, ఫ్రెంచి మాధ్యమమున ఏండ్లతరబడి చదివి చక్కగా అర్థము చేసికొను విద్యార్థులు కూడ మాటలాడుటలో వెనుకబడియుండుట గమనించి, వినుట చాలదనియు, అర్థమగునట్లు చెప్పవలసిన ఒత్తిడి కలిగినప్పుడే వాక్యము పదునెక్కుననియు 1985లో ప్రతిపాదించెను. చరవాణిలో వీడియోలు చూచుచు నేర్చుచున్నామను తృప్తితో గడపువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

సంభాషణ తెగిపోవు క్షణమునకు కూడ ముందుగానే సిద్ధపడుడు. ‘మరల ఒక్కసారి చెప్పుడు’, ‘అంత వేగముగ కాదు’, ‘ఆ మాట నాకు తెలియదు, వివరింపుడు’, ‘మావైపు దీనినేమందురో చెప్పెదను’ అను నాలుగు వాక్యములు నేర్చు భాషలో అసంకల్పితముగ నోటికి వచ్చువరకు అలవరచుకొనుడు. వేరావలులోని ఖలాసీ మొదటి పదిహేను దినములలో నేర్చునవి ఇట్టివే. అర్థముకాని మాట వచ్చినప్పుడు సిగ్గుపడి తల ఊపువాడు ఆ సంభాషణను అచ్చటనే ముగించుచున్నాడు. మరల చెప్పుమని అడుగువాడు దానిని పొడిగించుచున్నాడు.

ఉపాధ్యాయులకు ఒక మాట. రెండవభాష అనగానే మనకు ఇంగ్లీషే తోచును గాని, సీతంపేట, గుమ్మలక్ష్మీపురముల కొండలలో బడికి వచ్చు సవరబిడ్డకు తెలుగే రెండవభాష. ఆ బిడ్డల భాషలో ప్రాథమికవిద్య నారంభింపవలెనని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బహుభాషావిద్యను చేపట్టినది; సవర కూడ దానిలో చేరినది. అయినను తరగతిలో మొదటి దినమున తెలుగు పంతులు ఎదుట నిలిచిన బిడ్డ స్థితి, ఇంటర్వ్యూలో నిలిచిన పట్టభద్రుని స్థితికి భిన్నము కాదు. ఆ బిడ్డను పాఠములోని ప్రశ్న అడుగవలదు. ‘మీ యింట పసుపు ఎప్పుడు త్రవ్వుదురు?’ అని, మీకు నిజముగా తెలియని ప్రశ్న అడుగుడు. అడిగి ఆగుడు. అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో పరిశీలనలో, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిమ్మట సగటున ఒక్క సెకనుమాత్రమే ఆగి, తామే సమాధానము చెప్పుటయో మరియొకరిని అడుగుటయో చేయుచుండిరి. మూడు సెకనులు ఆగినప్పుడు పిల్లల సమాధానముల నిడివియు, సమాధానము చెప్పు పిల్లల సంఖ్యయు పెరిగినవి. రెండవభాషలో మాట వెదకుకొను బిడ్డకు మూడు కూడ చాలవు, ఐదు లెక్కించుడు. సమాధానము సవరలో వచ్చినచో దానిని సమాధానముగానే స్వీకరించి, అదే మాటను మీరు తెలుగులో చెప్పి, తప్పొప్పులను గూర్చి కాక పసుపును గూర్చియే రెండవ ప్రశ్న వేయుడు.